కంప్యూటర్లో అత్తయ్యగారి కాశీయాత్ర

మద్రాసులో పరిశోధన చేస్తున్న మా తమ్ముడు రఘు ఈ రోజు తిరువూరు వచ్చాడు. మధ్యాహ్నం భోజనాల దగ్గర తన పని గురించి చెప్పాడు. గదంత కంప్యూటర్ ఉంటుందట. అందులో ఉత్తుత్తి యాత్రికులను పుట్టించి, వాళ్ళు ఏ ఊరి నుంచి ఏ ఊరికి వెళ్తారో, ఎక్కడ ఎన్నాళ్ళు ఆగుతారో చూస్తాడట.

విస్సన్నపేటలో పెళ్ళిళ్ళకు తప్ప బస్సెక్కని మా అత్తయ్యగారు మజ్జిగ పోయడం ఆపేశారు.

“నాయనా, అందులో నన్ను కూడా వెయ్యకూడదూ?”

“అలాగేనండి. ఎక్కడికి వెళ్తారు?”

“కాశీకి. దారిలో పూరీ, కలకత్తా కూడా చూపించు. తొందరేం లేదు, నెమ్మదిగా తిప్పు.”

“మరి మామయ్యగారో?”

“ఆయన్ని వెయ్యకు. అక్కడికొచ్చి కూడా మామిడితోట ఎవరు చూస్తారంటారు.”

మామయ్యగారు అన్నం కలపడం ఆపి తలెత్తారు. “అంటే, నేను లేకుండా వెళ్ళిపోతావన్నమాట.”

“కంప్యూటర్లోనేగా,” అన్నారు అత్తయ్యగారు.

నిజంగా ఎవరూ ఎక్కడికీ వెళ్ళరని, అంతా లెక్కేనని తమ్ముడు ఎంత చెప్పినా ఆయన వినిపించుకోలేదు. కునుకు కూడా తియ్యకుండా సాయంత్రం దాకా వరండాలో పచార్లు చేశారు. చివరికి వంటింటి గుమ్మం దగ్గరికొచ్చి, అత్తయ్యగారి వంక చూడకుండా నాతో అన్నారు.

“అమ్మాయ్, బెజవాడ నుంచి కాశీకి రైలు ఎప్పుడుంటుందో మీ తమ్ముణ్ణి కనుక్కోమను. కాయ కోతలయ్యాక ఇద్దరం వెళ్తాం.”

మీ ఇళ్ళలోనూ ఇలా కదలని పెద్దమనుషులుంటే చెప్పండి. మా తమ్ముణ్ణి భోజనానికి పంపిస్తాను.