కెమెరా బయటికే చూడాలన్న సుశీల ఆంటీ

పెట్టె తెరవగానే కొత్త ప్లాస్టిక్ వాసన గుప్పున వచ్చింది. థర్మోకోల్ ముక్కల మధ్య నుంచి కెమెరాను బయటికి తీశాను. బోర్లించిన చిన్న గిన్నెలా ఉంది. పైన నల్లటి గుండ్రటి మూత, దాని లోపల ఎక్కడో కన్ను. రెండో పెట్టెలోనూ చూడ్డానికి అలాంటిదే ఉంది. మొదటిది ఇంటి బయట పెట్టేది, రెండోది ఇంటి లోపల పెట్టేది. డైనింగ్ టేబుల్ మీద రెండింటినీ పక్కపక్కన పెట్టుకుని కూర్చున్నానే గానీ, నిర్ణయం మాత్రం కుదరలేదు. సోమవారం నుంచి మా అమ్మాయి మేఘన స్కూల్ బస్సు దిగి, తన తాళంతో తానే తలుపు తీసుకుని, మేమిద్దరం ఆఫీసుల నుంచి వచ్చేదాకా ఇంట్లో ఒంటరిగా ఉంటుంది. ఆఫ్టర్ స్కూల్ ప్రోగ్రాం చిన్నపిల్లలకట, మిడిల్ స్కూల్ వాళ్లెవరూ వెళ్లరట.

మేఘన మెట్ల మీద నిలబడి చూస్తోంది. "అమ్మా, అవుట్‌సైడ్ ఒకటి ఓకే. ఆ ఇంకోటి ఎందుకు? నన్ను చూడ్డానికా?" అంది. "నీ సేఫ్టీకే" అన్నాను. "అంటే నన్ను చూడ్డానికే కదా" అనేసి, జవాబు కోసం ఆగకుండా గదిలోకి వెళ్లి తలుపేసుకుంది.

ఏం చెయ్యాలో తోచక పూజ గదిలోంచి కుంకుమ భరిణె తెచ్చాను. కొత్త వస్తువేది ఇంటికొచ్చినా ముందు బొట్టు పెట్టడం నాకు అలవాటు. వేలికి కుంకుమ అద్దుకుని కెమెరా మూత దాకా తీసుకెళ్లి ఆగిపోయాను. అక్కడ పెట్టకూడదు. ఆ సంగతి నాకు తెలిసింది సుశీల ఆంటీ వల్ల. పోయినేడు చలికాలంలో ఆవిడ కన్నుమూశారు. కుంకుమ అంటిన వేలు అలాగే గాల్లో పెట్టుకుని ఆవిడ గురించే ఆలోచిస్తూ కూర్చున్నాను.

మేం టెక్సస్‌లోని ఇర్వింగ్ ఊళ్లో అపార్ట్‌మెంట్‌లో ఉన్న రోజుల్లో ఆంటీ ఇల్లు ఇండియన్ గ్రోసరీ షాపుల వెనక వీధిలో ఉండేది. కరీంనగర్ మనిషి. గ్రీన్ కార్డ్ వచ్చాక ఇంట్లోనే డేకేర్ పెట్టుకున్నారు. దగ్గర్లోని లాస్ కొలీనస్ ఆఫీసుల్లో పనిచేసే మాలాంటి వాళ్ల పిల్లలంతా ఆవిడ దగ్గరే పెరిగారు. పొద్దున్నే తలుపు తీస్తే లోపలి నుంచి పోపు వాసన, పిల్లల గోల, ఆవిడ గొంతు మూడూ ఒకేసారి వచ్చేవి. ఆవిడకు గొంతు ఎక్కువ, పంతం ఇంకా ఎక్కువ. పిల్లను అందుకునేటప్పుడు పిల్ల ముఖం కాదు, ముందు తల్లి ముఖం చూసేవారు. "రాత్రి నిద్రపోలేదా బిడ్డా? నీ ముఖం జూస్తె నువ్వే ఏడ్చేటట్టున్నవ్. పో, పిల్ల మంచిగనే ఉంటది" అనేవారు.

నిజమే, నేను అలాంటిదాన్నే. తాళం వేశానో లేదోనని హైవే ఎక్కిన దాన్ని మళ్లీ ఎగ్జిట్ తీసుకుని వెనక్కి వచ్చిన సందర్భాలున్నాయి. భయపడ్డానికి ఏమీ దొరకని రోజు నాకు అదే పెద్ద భయమని మా ఆయన ఇప్పటికీ ఏడిపిస్తాడు. మేఘనకు అప్పుడు నాలుగేళ్లు. దాన్ని ఆ ఇంట్లో వదిలి కారెక్కిన ప్రతి ఉదయం ఏదో మర్చిపోయి వెళుతున్నట్టే ఉండేది. వీసా ఉద్యోగం మీదే ఆధారపడి ఉంది కాబట్టి మానేస్తానన్న మాట నోట్లోంచి వచ్చే వీలే లేదు.

ఒకరోజు మధ్యాహ్నం పిల్లలు పెరట్లో ఆడుకుంటుంటే ఎవరో కంచె గేటు గడియ తీశారు. ఆంటీ "హూ ఈజ్ దట్?" అని కేకేసే సరికి ఆ మనిషి గేటు అలాగే వదిలేసి వెళ్లిపోయాడు. మీటర్ చూసేవాడో, గడ్డి కోసేవాడో, ఇంకెవరో ఇప్పటికీ తెలియదు. సాయంత్రానికల్లా తల్లిదండ్రుల వాట్సాప్ గ్రూప్ అట్టుడికిపోయింది. ఆ రాత్రి నాకు కన్ను మూస్తే తెరిచి ఉన్న ఆ గేటే కనిపించింది.

మర్నాడే ఆంటీ భర్త, మా అంకుల్, సేల్‌లో గుండ్రటి మూతున్న ఒక డోమ్ కెమెరా కొనుక్కొచ్చి వెనక వసారాలో బిగించేశారు. అది ఇంటి లోపల పెట్టేది. పైన కప్పు ఉంది కదా, వాన తగలదులే అనుకున్నారు. టెక్సస్ వాన నిటారుగా కురవదు, పక్కల నుంచి కొడుతుంది. మొదటి వానకే మూత లోపల ఆవిరి పట్టి, గేటు ఉండాల్సిన చోట తెల్లటి పొగ తప్ప ఏమీ కనబడలేదు. అప్పుడు ఆంటీ నన్ను పిలిచి, "బిడ్డా, నువ్వు నెట్‌ల అన్నీ చదువుతవ్ గద. లోపలిదేంది, బయటిదేంది, జర జూసి చెప్పు" అన్నారు. నా భయం ఒకరికి పనికొచ్చిందని మొదటిసారి అనిపించింది. బయట పెట్టేదానికి మూత చుట్టూ నీరు చొరకుండా రబ్బరు ఉంటుందని, ఎండకూ దెబ్బకూ తట్టుకుంటుందని, లోపలిదానికి అవేమీ ఉండవని చెప్పాను. గుండ్రటి మూత ఎందుకంటే కన్ను ఎటు తిరిగి ఉందో బయటివాళ్లకు తెలియకుండా ఉండటానికని కూడా చెప్పాను. అన్నీ తలూపుతూ విన్నారు.

బయటి కెమెరా వచ్చింది. అంకుల్ చూరు కింద బిగించి నాకు ఫోన్‌లో లింకు పంపారు. తెరిచి చూస్తే గేటుకు అడ్డంగా ఎర్రటి మరక. రక్తమేమోనని గుండె ఆగినంత పనైంది. ఫోన్ చేస్తే ఆంటీ తాపీగా, "ఏం లేదు బిడ్డా, కొత్త సామాను గద, బొట్టు పెట్టిన. పసుపు గూడ రాసిన" అన్నారు. బొట్టు సరిగ్గా కంటి ఎదురుగా పెట్టారు. తుడవమంటే, పెట్టిన బొట్టు తుడిచేదేందని కాసేపు వాదించారు. చివరికి ఆవిడే ఒక దారి చెప్పారు. గోడకు ఆనే వెనక రేకు మీద పెడదామని. "కనవడకపోతే ఏమాయె, ఉంటే చాలు" అన్నారు. నవ్వుకున్నాం.

గేటుకు కెమెరా వచ్చినా గ్రూప్‌లో గోల ఆగలేదు. లోపల కూడా కెమెరా పెట్టాలి, మా ఫోన్లలో చూసుకునేలా ఉండాలి అన్నారు. నాకూ అదే కావాలి. అందరి తరఫున అడగడానికి నేనే వెళ్లాను. ఆంటీ చిక్కుడుకాయలకు ఈనెలు తీస్తున్నారు. చేతిలోని కాయ గిన్నెలో వేసి, "గా కన్ను ఎటు జూస్తదో ఎవ్వలికి తెల్వదంటివి. దొంగోనికి తెల్వకుంటే మంచిదే. పిల్లలకు తెల్వకుంటే ఎట్ల బిడ్డా?" అన్నారు.

"మేం చూడ్డానికే కదా ఆంటీ, కాస్త ధైర్యంగా ఉంటుంది."

"ఉండదు. పిల్ల ఏడ్సుడు మీకు కనవడతది. ఏడుపు ఆగేటాల్లకు మీకు మీటింగ్ ఉంటది, ఫోన్ పక్కకు పెడ్తరు. ఇగ గా ఏడుపే పొద్దుమీకేదాక మీతోని ఉంటది." అయినా మేమంతా పట్టుబట్టేసరికి ఒప్పుకున్నారు. ఆట గదిలో మాత్రమే ఉండాలి, మాటలు వినబడకూడదు. అది ఆవిడ షరతు.

ఆ కెమెరాను ఎంచింది కూడా నేనే. అది వచ్చాక నాకు ఆఫీసులో పని చేసినట్టే గుర్తులేదు. ఒక మధ్యాహ్నం మీటింగ్‌లో బల్ల కింద ఫోన్ తెరిచాను. ఆట గది ఖాళీగా ఉంది. పిల్లలు లేరు, ఆంటీ లేరు. మేఘన ఒక్కతే గోడకు ముఖం ఆనించి, చేతులతో కళ్లు మూసుకుని నిలబడి ఉంది. ఎవరో ఒక స్లైడ్ గురించి మాట్లాడుతున్నారు. మళ్లీ చూశాను. అలాగే ఉంది. ఎవరు నిలబెట్టారు? ఏం చేసిందని? మిగతా పిల్లలంతా ఏరి? ఆంటీకి ఫోన్ చేస్తే ఎత్తలేదు. మళ్లీ చేశాను. ఎత్తలేదు. ఒంట్లో బాగాలేదని ఎవరికో చెప్పి కారు దగ్గరికి పరిగెత్తాను.

హైవే మీద ట్రాఫిక్ నత్తనడక నడుస్తోంది. ఫోన్ పక్క సీట్లో బోర్లించి పెట్టాను. చూస్తే డ్రైవ్ చెయ్యలేను, చూడకపోతే ఊపిరాడటం లేదు. రోజూ పొద్దున నవ్వుతూ పిల్లను అందుకునే ఆ మనిషి గురించి ఎన్నెన్ని అనుకున్నానో ఇప్పుడు రాయలేను. ఆవిడ ఇంటి ముందు కారు వంకరగా ఆపి తలుపు బాదాను.

తలుపు కొద్దిగా తెరుచుకుంది. ఆంటీ పెదాల మీద వేలు పెట్టుకుని, నా చెయ్యి పట్టి లోపలికి లాగారు. "ష్... సప్పుడు చెయ్యకు" అంటూ ఆట గది గుమ్మం పక్కన కర్టెన్ వెనక్కి నన్ను నెట్టి, తానూ వచ్చి నా పక్కన నక్కారు. అక్కడ అప్పటికే ఇద్దరు పిల్లలు అరటిపళ్లు తింటూ నేల మీద కూర్చుని ఉన్నారు. గదిలోంచి మేఘన గొంతు వినిపిస్తోంది. "ఒకటి, రెండు, మూడు, నాలుగు, ఆరు... నో, నో. ఒకటి, రెండు..."

దాగుడుమూతలు. మా పిల్లే దొంగ. ఆంటీ నా చెవిలో, "ఇరవై దాక తప్పు లేకుండ చెప్పేదాక కండ్లు తెరవదట. గంత పంతం ఎవలిదో మరి! మా మోకాళ్లు పోయినయ్" అన్నారు. మిగతా వాళ్లంతా దాక్కుంటే గది ఖాళీగా కాక ఎలా ఉంటుంది! నాకు నవ్వు రాలేదు. కర్టెన్‌లో ముఖం దాచుకుని, వినబడకుండా ఏడ్చాను. చివరికి ఇరవై అయ్యాయి. చిన్న పాదాల చప్పుడు పరిగెత్తుకొచ్చింది. కర్టెన్ పక్కకు లాగి, మేఘన ముందు నన్నే పట్టుకుంది. "అమ్మా! నువ్వు కూడా ఆడుతున్నావా?" అని గట్టిగా అరిచింది. ఆఫీసు వేళలో అమ్మ ఆటలోకి వచ్చిందని దాని సంతోషం చెప్పలేను.

ఆంటీ నన్ను వంటింట్లో కూర్చోబెట్టి మజ్జిగ ఇచ్చారు. ఎందుకొచ్చావని అడగలేదు. గ్లాసు పట్టుకున్న నా చేతులు చూసి, "గీ చేతులతోని హైవే మీద బండి నడుపుకుంట వచ్చినవా? నీకేమన్న అయితే పిల్ల గతేంది?" అన్నారు. కోపంగానే అన్నారు. నేను ఏమనుకుని వచ్చానో ఆవిడకు అర్థమైందని ఆ కోపంలోనే తెలిసింది. తన మజ్జిగ కలుపుకుంటూ, "నాకు భయం లేదనుకున్నవా? గేటు సప్పుడైతె నా పానం ఎగిరిపోతది. గందుకే గేటుకు పెట్టమన్న. బయటి నుంచి వచ్చేదానికి భయపడాలె. లోపల పిల్లలు ఆడుకునుడు గూడ చూసుకుంట భయపడితె, ఇగ మీరు బతికేదెప్పుడు?" అన్నారు.

ఆ వారమే ఆవిడ ఆట గది కెమెరా తీయించేశారు. దాంతో కొందరు పిల్లల్ని మాన్పించారు. ఆవిడ బాధపడ్డారు, కానీ మళ్లీ పెట్టలేదు. నేను మాత్రం మేఘనను మాన్పించలేదు. అలాగని నిశ్చింతగా ఉన్నానంటే అబద్ధం. ప్రతి ఉదయం ఆ గుమ్మం దగ్గర ఆవిడ ముఖంలోకి ఒకసారి చూసి, పిల్లను చేతికిచ్చి, కారెక్కేదాన్ని. చూడకుండా ఒకరిని నమ్మడం ఎంత కష్టమో, అది రోజూ కొత్తగా ఎలా చెయ్యాలో నాకు నేర్పింది ఆ గుమ్మమే. ఆవిడ మోకాళ్లు మొరాయించి డేకేర్ మూసేసేదాకా మేఘన అక్కడే పెరిగింది.

వేలి మీది కుంకుమ రాలిపోయింది. మళ్లీ అద్దుకుని, బయటి కెమెరాను తిరగేసి, గోడకు ఆనే వెనక రేకు మీద బొట్టు పెట్టాను. రెండో పెట్టెను మళ్లీ టేపు వేసి, వాపసు పంపడానికి గుమ్మం పక్కన పెట్టాను. ఆ సాయంత్రం మా ఆయన చూరు కింద కెమెరా బిగిస్తుంటే మేఘన నిచ్చెన పట్టుకుంది. గుమ్మం పక్కనున్న పెట్టె వంక ఒకసారి చూసింది. రాత్రి అన్నం తినేటప్పుడు నా పక్క కుర్చీలో వచ్చి కూర్చుంది.

సోమవారం ఆఫీసులో ఉండగా గుమ్మం కెమెరా అలర్ట్‌తో ఫోన్ మోగింది. తెరిచాను. మేఘన బ్యాగు మోసుకుంటూ మెట్లెక్కింది. కెమెరా వైపు తలెత్తి నాలుక బయటపెట్టి వెక్కిరించింది. తాళం తిప్పింది, లోపలికెళ్లింది, తలుపు మూసుకుంది. ఆ తర్వాత చూడ్డానికి ఏమీ లేదు. కాళ్లు తుడుచుకునే పట్టా, తులసి కుండీ, మూసిన తలుపు. లోపల అది ఏం చేస్తోందో నాకు తెలియదు. పాలు తాగిందా, స్టవ్ ముట్టుకుందా, ఎవరైనా బెల్ కొడితే తలుపు తియ్యకూడదని గుర్తుందా, తెలియదు. భయం పోలేదు ఆంటీ, మీ దగ్గరికి పరిగెత్తుకొచ్చిన రోజు ఎంత ఉందో అంతే ఉంది.

ఫోన్ బల్ల మీద బోర్లించాను. కళ్లు మూసుకుని, చేతులతో ముఖం కప్పుకుని, ఇరవై దాకా లెక్కపెట్టాను. మధ్యలో ఒకసారి తప్పిపోయింది. మళ్లీ ఒకటి నుంచి మొదలుపెట్టాను.