ఏ మిడ్‌రేంజ్‌ను నమ్మాలి? కర్నూలు నుంచి జమ్మలమడుగు దాకా

"అక్కా, మా రాళ్లచేనికి కంచె వేస్తాండారు. వచ్చే వారం నుంచి ఎవురినీ లోపలికి రానీరంట. ఒక్కసారి వచ్చి ఆడిపో" అని ఓబులేసు ఫోన్ చేశాడు. వస్తానని నేను వెంటనే చెప్పలేకపోయాను. ఓబులేసు, నేను ఒకప్పుడు బెంగుళూరులో ఉద్యోగాలు చేసుకుంటూ, ఆదివారాలు ఒక పార్కులో డిస్క్ గోల్ఫ్ నేర్చుకున్నవాళ్లం. ఆట తెలియనివారికి రెండు ముక్కల్లో చెబుతాను. ఒక ఇనుప స్తంభానికి గొలుసులు వేలాడుతుంటాయి, వాటి కింద బుట్ట ఉంటుంది. దూరం నుంచి పళ్లెం లాంటి డిస్కును విసురుకుంటూ పోయి, వీలైనన్ని తక్కువ విసుర్లలో ఆ బుట్టలో వేయాలి. నేను కర్నూలుకు వచ్చి కాలేజీ గ్రంథాలయంలో చేరాను. అతను జమ్మలమడుగు దగ్గర తన ఊరికి తిరిగి వెళ్లి, అమ్మతో కలిసి మగ్గాలు నడుపుకుంటున్నాడు. వాళ్లకున్న ఐదెకరాల రాళ్ల నేలలో, వెల్డింగ్ షాపులో చేయించిన తొమ్మిది బుట్టలు పాతి, ఓపిగ్గా ఒక మైదానం తయారుచేశాడు. ఏటా రెండు మూడుసార్లు వెళ్లి ఆడి వచ్చేదాన్ని.

పోయిన వానాకాలంలో నా కుడికంటి లోపలి పొర ఊడిపోయింది. ఆపరేషన్ జరిగింది కానీ చూపు తిరిగి రాలేదు. ఒక కన్నుతో బతకడం ఎలాగో మెల్లగా అలవాటైంది. గ్లాసులోకి నీళ్లు వంపేటప్పుడు అంచును వేలితో తాకి చూసుకుంటాను, మెట్లు దిగేటప్పుడు కాలితో తడుముతాను. ఆట దగ్గరే చిక్కు వచ్చింది. నేను కుడిచేత్తో విసురుతాను. కుడిభుజం బుట్ట వైపు తిప్పి నిలబడి, డిస్కును ఎడమవైపు వెనక్కు లాగి విసరాలి. అప్పుడు ఓరగా బుట్టను చూసేది కుడికన్నే. ఎడమకంటికి ముక్కు అడ్డం వస్తుంది. అంటే సరిగ్గా విసిరే క్షణంలో బుట్ట నాకు మాయమైపోతుంది. రెండుసార్లు కాలేజీ మైదానంలో ప్రయత్నించి, డిస్కు ఎటు పోయిందో వెతుక్కోలేక, డిస్కుల సంచీ అటక మీద పెట్టేశాను. ఓబులేసు ఫోన్ వచ్చిన మర్నాడు దాన్ని దింపాను. ఆడాలని కాదు. ఆ నేలను కడసారి చూడకుండా ఉండలేననిపించింది, అంతే.

సంచీలో అన్నీ మోసుకుపోలేదు. దూరం పోయే డ్రైవర్లనే డిస్కులను వదిలేశాను. వాటికి వేగం కావాలి, ఆ వేగంలో చిన్న తప్పు పెద్దదవుతుంది. దగ్గర నుంచి బుట్టలో వేసే పట్టర్ ఒకటి, మధ్య దూరాలకు వాడే మిడ్‌రేంజ్‌లు మూడు పెట్టుకున్నాను. పసుపుది ఆరేళ్ల పాతది. రాళ్లకు తగిలి తగిలి అంచు మెత్తబడి, గాలి లేనప్పుడు గీత గీసినట్టు తిన్నగా పోయేది. నా చేతికి అలవాటైంది అదే. నీలంది తేలికది, కన్ను పోయాక ఎవరో తక్కువ బలంతో పోతుందని చెబితే తెప్పించుకున్నాను. తెల్లది గట్టిది, మొండిది. ఎంత తిన్నగా వేసినా చివరికి ఎడమకే వాలుతుంది. కొన్నప్పటి నుంచి నాకు దాని మీద ఇష్టం లేదు.

ఆ ఆదివారం తెల్లవారకముందే కర్నూలు బస్టాండుకు చేరాను. జమ్మలమడుగుకు నేరుగా బస్సు దొరకడం అదృష్టం మీద ఉంటుంది కాబట్టి, నంద్యాలలో మారడం మేలు. పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఆడవాళ్లకు ఇప్పుడు ఛార్జీ లేదు, ఆధార్ చూపిస్తే సున్నా టికెట్ కొట్టి ఇస్తారు. మగవాళ్లయితే రెండు మూడు వందలు చేతిలో ఉంచుకుంటే చాలు. ఓర్వకల్లు రాళ్లగుట్టలు దాటేసరికి వెలుగు వచ్చింది. కిటికీ కుడివైపు దొరికితే నేను తల పూర్తిగా తిప్పి కూర్చోవాలి. అందుకే ఎడమవైపు సీటు చూసుకున్నాను. నంద్యాలలో దిగి ఉగ్గాని, మిరపకాయ బజ్జీ తిని కోయిలకుంట్ల మీదుగా వెళ్లే బస్సెక్కాను. దారికి రెండువైపులా నల్లరేగడి. శనగ కోతలు అయిపోయి కొన్ని చేలు నున్నగా ఉన్నాయి, కొన్నిట్లో కుప్పలు వేసి ఉన్నాయి.

కోయిలకుంట్లలో ఒక పెద్దావిడ ఎక్కి నా పక్కన కూర్చుంది. నా ఒడిలోని సంచీ నోరు తెరుచుకుని డిస్కులు కనబడుతుంటే, "ఏందిమా ఆ తట్టలు? అమ్మను పోతాండావా?" అని అడిగింది.

"అమ్మేటివి కాదవ్వా. విసిరి ఆడుకునేటివి."

ఆమె నవ్వలేదు. తెల్లదాన్ని అడిగి తీసుకుని, అంచు పట్టుకుని బరువు చూసింది. "గట్టిగుండాది. యాడ పడుతుందో తెలుస్తాదా నీకు?"

"ముందు తెలిసేది. ఇప్పుడు తెల్దు" అన్నాను. నా కన్ను సంగతి ఎవరితోనైనా చెబితే వెంటనే అయ్యో అంటారు, అందుకే చెప్పను. ఆమె ఎందుకని అడగలేదు. డిస్కు తిరిగి ఇచ్చేసి, కొంగులోంచి పచ్చి శనక్కాయలు తీసి నా చేతిలో పోసింది. ఆమె దిగిపోయేదాకా ఇద్దరం ఒలుచుకుని తింటూ కూర్చున్నాం.

పొద్దు బాగా ఎక్కాక జమ్మలమడుగులో దిగాను. సంచీ చూడగానే ఆటో అతను, "గండికోటకేనా అక్కా?" అన్నాడు. ఇక్కడికి వచ్చే బయటివాళ్లందరూ పెన్న లోయ చూడటానికే వస్తారు. మీరూ వస్తే తప్పకుండా చూడండి. నేను మైలవరం డ్యాం దారిలో ఉన్న ఊరి పేరు చెప్పాను. పోవడానికి మూడు వందలు అడిగి, రెండు వందల యాభైకి ఒప్పుకున్నాడు. దారిలో ఒకచోట చెయ్యి చాపి, "అదంతా సోలారే అక్కా. మా మామ చేను గూడా అందులోనే ఉండాది" అన్నాడు. నల్లటి పలకలు వరసలు వరసలుగా, కంటికి ఆనినంత మేరా పరుచుకుని ఉన్నాయి.

ఓబులేసు వాకిట్లోనే నిలబడి ఉన్నాడు. మనిషి చిక్కాడు. "బాగుండావా అక్కా?" అని మాత్రం అడిగి, సంచీ అందుకున్నాడు. లోపల వాళ్లమ్మ నాగమ్మ మగ్గం గుంతలోంచి లేచి వచ్చింది. నా ముఖాన్ని రెండు చేతులతో పట్టుకుని కుడికన్ను వైపు కాసేపు చూసింది. నీళ్లిచ్చి కూర్చోబెట్టాక నేనే చేను సంగతి కదిపాను. నాగమ్మ అంది: "ఆ రాళ్ల మీద ఏం పండుతాది తల్లీ, ఎండ తప్ప? సోలారోళ్లు ఆ ఎండనే అడిగినారు. ఇచ్చినాము. ఈడు మాత్రం శానా దినాలు అన్నం సరిగ్గా తినలేదు." ఓబులేసు బయటికి వెళ్లి చెప్పులు వేసుకున్నాడు.

చేను చేరేసరికి కొత్త ఇనుప స్తంభాలు మూడువైపులా పాతి ఉన్నాయి. ఇంకా తీగ బిగించలేదు. నాలుగు బుట్టల్ని అప్పటికే పీకేసి ఒక పక్కన పడుకోబెట్టారు. మిగిలిన ఐదింటికే ఆడదామన్నాడు ఓబులేసు. మొదటి రెండూ దగ్గర బుట్టలు, పట్టర్‌తోనే ఎలాగో నెట్టుకొచ్చాను. మూడోదానికి మధ్య దూరం విసరాలి. కుడివైపు పాత నాపరాళ్ల గని ఉంది. బండలు తీసేసిన గుంతలో పచ్చటి నీళ్లు నిలిచి ఉన్నాయి. ఎదురుగాలి వీస్తోంది. నేను ఆలోచించకుండా పసుపు డిస్కు తీశాను. ఆరేళ్లుగా ఆ చోట అదే తీస్తున్నాను.

వెనక్కు లాగాను. బుట్ట మాయమైంది. విసిరాను. తల తిప్పి వెతుక్కునేలోపు ఓబులేసు "అయ్యో" అన్నాడు, తర్వాత నీళ్ల చప్పుడు వినిపించింది. అరిగిపోయిన డిస్కు ఎదురుగాలికి కుడివైపు తిరగబడుతుంది. నాకు తెలియని సంగతేమీ కాదు. ఇదివరకైతే గాలిని బట్టి చివరి క్షణంలో మణికట్టు సర్దుకునేదాన్ని. ఆ సర్దుబాటంతా నా కుడికన్ను చేసేదని అప్పుడు అర్థమైంది. గని అంచుకు వెళ్లి చూశాం. లోతెంతో తెలియని నీళ్లు. అక్కడే ఒక బండ మీద కూర్చుండిపోయాను.

"నేనింక ఆడలేను ఓబులేసూ. నువ్వు కానివ్వు. నేను చూస్తుంటా."

అతను నా ఎదుటికి వచ్చి నిలబడ్డాడు. "ఏం కాదులే, ఊరుకోమని నీకు చెప్పను అక్కా" అన్నాడు. "రేపట్నుంచి నాకు ఈడ అడుగుబెట్టే దారి లేదు. ఈ బుట్టలు నేను ఒక్కో దినం ఒకటి నాటినాను. అమ్మ నేతచీరలు అమ్ముకుని వచ్చి గొలుసులు పట్టుకుంటే, నేను బోల్టులు బిగించినాను. నువ్వు కూకుంటే నేనొక్కణ్ణే ఆడల్ల. ఒక్కణ్ణే ఆడేదుంటే నిన్నెందుకు పిలుస్తాను?"

నేను వచ్చినప్పటి నుంచీ నా కన్ను గురించే తలచుకుంటున్నాను. అతను పోగొట్టుకుంటున్నది కళ్లెదుట పరుచుకుని ఉన్నా సరిగ్గా చూడలేదు. లేచాను. మిగిలిన రెండు మిడ్‌రేంజ్‌లూ తీసి, ఏది వేయాలో చెప్పమన్నాను. "చెప్పను. రెండూ వేసి చూడు. పొద్దు శానా ఉండాది" అన్నాడు.

ముందు నీలందాన్ని వేశాను. గాలికి పైకి లేచి ఎక్కడో కంపలో పడింది. మళ్లీ వేస్తే ఇంకోవైపు పోయింది. తర్వాత తెల్లదాన్ని వేశాను. ఓబులేసు బుట్టకు కుడిపక్కన దూరంగా నిలబడి, "ఎడమకు పడింది" అని అరిచాడు. తెచ్చి ఇచ్చాడు. మళ్లీ వేశాను. "ఎడమకే." బలం పెంచి వేశాను. "ఎడమకే, రవ్వంత ముందుకు." గాలి ఆగినప్పుడు వేశాం, హోరుమన్నప్పుడు వేశాం. ఎప్పుడు వేసినా అతని గొంతులో వినిపించింది ఆ మాటే. నేను ఇన్నాళ్లూ తిట్టుకున్న దాని మొండితనం, ఇప్పుడు నాకు చూపు అవసరం లేకుండా చేసింది. బుట్టకు కుడివైపున్న ఒక ఎర్రబండను ముందే చూసిపెట్టుకుని, కాళ్లు దాని వైపు సర్దుకుని, తర్వాత ఏదీ చూడకుండా విసరడం మొదలుపెట్టాను. డిస్కు బండ వైపు పోయి, తనకు తానే బుట్ట వైపు వాలేది.

నాలుగోదీ అలాగే ముగించాం. చివరి బుట్ట వంకకు అవతల ఉంది. ఎండిన వంకే కానీ నిండా ముళ్లకంప. పడితే డిస్కు దొరకదు, నా దగ్గర నమ్మదగింది అదొక్కటే. ఓబులేసు ముందు ఆడి, అవతలికి వెళ్లి నిలబడ్డాడు. నేను అవతలి గట్టు మీది కుడివైపు కంచె స్తంభాన్ని గురిపెట్టుకున్నాను. వెనక్కు లాగినప్పుడు ఎప్పటిలాగే అంతా మాయమైంది. ఈసారి తల తిప్పి వెతకలేదు. డిస్కు గాలిని కోస్తున్న సన్నటి చప్పుడు వింటూ ఉన్నాను. అది ఆగిపోయింది.

"దాటింది" అన్నాడు ఓబులేసు. అరవలేదు, మామూలుగా అన్నాడు. ఆ మాటను గాలి మోసుకొచ్చింది. వెళ్లి చూస్తే బుట్టకు ఎడమవైపు, చాపిన చేతికి కొంచెం అవతల పడి ఉంది. దగ్గర దూరం అందాజు తప్పి, పట్టర్‌తో ఒకసారి గొలుసులకు తగలకుండా వేశాను, రెండోసారి పడింది. ఇద్దరం చప్పట్లు కొట్టుకోలేదు. అతను బుట్ట అంచు మీద చేతులు ఆనించి, తన చేనంతా ఒకసారి కలియజూశాడు. నేను పక్కన నిలబడ్డాను.

తర్వాత పానాలు తీసుకుని ఆ ఐదు బుట్టల్నీ ఊడదీశాం. ట్రాక్టర్‌లో వేసుకుని ఇంటికి వస్తే, నాగమ్మ జొన్నరొట్టెలు, శనక్కాయల ఊరుబిండి పచ్చడి పెట్టింది. ఓబులేసు రెండు రొట్టెలు తిని మూడోది అడిగాడు. నాగమ్మ నా వైపు చూసి వడ్డించింది. ఆ పొద్దుననే అతని చిన్నాన్న, డ్యాం వైపున్న తన బీడులో మూడు బుట్టలు నాటుకోమన్నాడట. అక్కడ కంప కొట్టించాలి, దారి చేయాలి. "సగం సగమే అక్కా, ముందటి మాదిరి రాదు" అన్నాడు ఓబులేసు. రాదని నాకూ తెలుసు. సాయంత్రం నన్ను బండి మీద జమ్మలమడుగు బస్టాండులో దించి, నంద్యాల బస్సు కదిలేదాకా కిటికీ కింద నిలబడ్డాడు.

ఇది రాస్తున్న నాటికి ఆ రాళ్లచేనిలో పలకలు లేచాయి, డ్యాం పక్క బీడులో మూడు బుట్టలు నిలిచాయి. నేను నెలకొకసారి వెళ్తున్నాను. నమ్మకమంటే మనం అనుకున్న చోటికి చేర్చేదని చాలాకాలం అనుకున్నాను. పసుపు డిస్కు మీద నాకున్నది నమ్మకం కాదేమో, నా కళ్ల మీద నాకున్న ధైర్యమేమో. చూపు ఉన్నన్నాళ్లూ ఏ డిస్కయినా మంచిదే, దాని లోపాన్ని మనం దిద్దుతుంటాం. దిద్దే శక్తి తగ్గినప్పుడు, తన లోపాన్ని దాచుకోనిది కావాలి. మనుషుల్లోనూ నాకిప్పుడు అలాంటివాళ్లే దగ్గరగా అనిపిస్తున్నారు. ఊరుకోమని చెప్పనన్న ఓబులేసులాంటివాళ్లు.

మిడ్‌రేంజ్ కొనబోయేవారికి ఒక్క మాట. గాలి లేని ఉదయం ఒకసారి వేసి చూసి నిర్ణయించుకోకండి. గాలి హోరుమనే మధ్యాహ్నం, ఒకే చోట నిలబడి, ఒకే డిస్కును గాలికి ఎదురుగా పదేపదే విసరండి. తిన్నగా పోయిందా అని చూడకండి. ప్రతిసారీ ఒకేవైపు పడుతోందా అని చూడండి.