వెన్నపండ్ల బుట్టతో జగ్గయ్యపేట దాకా

మా పెదనాన్న మామిడిపండు రుచి చూసి రెండు వేసవులు దాటాయి. ఆయనకు మధుమేహం. పైగా కుడికాలి బొటనవేలికి పుండు పడి నెలలు గడుస్తున్నా మానలేదు. ఇంకొన్నాళ్లు ఇలాగే ఉంటే వేలు తీసేయక తప్పదని బెజవాడ డాక్టరు చెప్పేశాడు. పెదనాన్నకు మాత్రం వేలు మీది బెంగ కంటే పండు మీది బెంగే ఎక్కువ.

నేను బెజవాడలో పంతులమ్మని. మా బడిలో పనిచేసే బెంగుళూరావిడ సెలవులకు ఇంటికి వెళ్లి, వస్తూ వస్తూ బుట్టెడు వెన్నపండ్లు, అదే బటర్‌ఫ్రూట్లు, తెచ్చింది. పేరు వినడమే గానీ అంతవరకు నేనూ చూడలేదు. తీపి పేరుకు కూడా ఉండదట. లోపలంతా మంచి కొవ్వు, పీచు. కాస్త తింటే ఆకలి ఆగుతుంది, పొద్దున్నే కడుపు తేలికపడుతుంది అని ఊరించింది. డాక్టరును అడిగితే "మితంగా పెట్టండి" అన్నాడు. ఆదివారం తెల్లవారగానే బుట్ట చంకన పెట్టుకుని బస్టాండుకు వెళ్లాను.

ఏడున్నర బస్సు ఎనిమిదికి కదిలింది. అది ఆలస్యం కాదని, డ్రైవరు టిఫిను చేస్తున్నాడని కండక్టరు వివరించాడు. కిటికీ పక్క సీటు దొరికింది. కిటికీకి అద్దం లేదు కాబట్టి ఇబ్రహీంపట్నం దాటేసరికి నా జుట్టుకు, ముందు లారీ రేపిన దుమ్ముకు తేడా లేకుండా పోయింది.

పక్కన కూర్చున్న పొగాకు రైతు బుట్ట మీది గుడ్డ తొలగించి ఒక కాయ తీశాడు. అడగలేదు. బొటనవేలితో గట్టిగా నొక్కాడు.

"నొక్కకండి బాబాయ్, నొక్కినచోట లోపల నల్లబడుతుంది," అన్నాను.

"నొక్కకపోతే పండిందో లేదో ఎట్టా తెలుద్దమ్మా?" అని, నా మాట నిజమో కాదో చూడటానికి ఇంకోసారి నొక్కాడు.

కీసరలో ఒక ముసలమ్మ ఎక్కింది. వేదాద్రి నరసింహస్వామికి మొక్కు ఉందట. "ఇది వేడి చేసుద్దా, వాతం చేసుద్దా?" అని అడిగి, జవాబు కోసం ఆగకుండా తనూ నొక్కింది. వేడి అని వెనకసీటు, వాతం అని ముందుసీటు వాదులాడుకున్నాయి. తిన్నవాడు మాత్రం ఒక్కడూ లేడు. నందిగామలో బస్సు ఆగితే దిగి, ఇడ్లీ తిని, చికోరీ నీళ్లకు కాఫీ అని పేరుపెట్టిన పానీయం తాగి వచ్చాను. నేను వచ్చేసరికి నా పండ్లు బస్సంతా తిరుగుతున్నాయి. కండక్టరు చేతిలో ఒకటి ఉంది. ఆయనా నొక్కుతున్నాడు.

ఈ పండ్లతో ప్రయాణం చేయదలచిన పాఠకులకు నా సలహా ఒకటే, తాళం వేసిన ట్రంకుపెట్టెలో తీసుకెళ్లండి.

పదకొండుకు జగ్గయ్యపేటలో దిగి రిక్షాలో ఇల్లు చేరాను. పెదనాన్న కట్టు కట్టిన కాలు స్టూలు మీద పెట్టుకుని, ఉదయం నుంచి వీధివైపే చూస్తున్నాడట. నేను బెంగుళూరావిడ దగ్గర నేర్చుకున్న పాఠమంతా పెద్దమ్మకు అప్పజెప్పాను. గట్టికాయలు వరిగడ్డిలో మాగేయాలి. మెత్తబడినవి బిందె కింది తడి ఇసుకలో ఉంచితే రెండుమూడు రోజులు ఆగుతాయి. కోసిన చెక్క మిగిలితే గింజ తీయకుండా, నిమ్మరసం రాసి మూతపెట్టాలి. పెద్దమ్మ అన్నీ శ్రద్ధగా విని, చెప్పినట్టే చేసింది. నాకు ముచ్చటేసింది.

భోజనాల దగ్గర పెదనాన్న ముందు అరచెక్క పెట్టి, ఉప్పు, మిరియాలపొడి చల్లాను. ఆయన కళ్లు మూసుకుని నోట్లో పెట్టుకున్నాడు. కళ్లు తెరిచాక నా వైపు చూసిన చూపు ఇంకా మరిచిపోలేదు.

"దీన్ని పండని ఎవరన్నారే?" అన్నాడు.

కునుకు తీసి నాలుగింటికి లేచాను. పెదనాన్న మొహం వెలిగిపోతోంది. చేతిలో ఖాళీ గ్లాసు. "ఇప్పుడు పండులా ఉందే అమ్మడూ!" అన్నాడు. వంటింట్లో పెద్దమ్మ మెత్తబడిన పండ్లను పాలల్లో చిదుముతోంది. పక్కన ఏలకులు, తరిగిన బెల్లం.

"బెల్లమేంటి పెద్దమ్మా!" అని అరిచాను.

"ఎందుకే ఆ కేకలు? డాక్టరు పంచదార మానమన్నాడు, మానిపించా. బెల్లం మానమన్లేదుగా! అప్పట్నుంచీ కాఫీ కూడా బెల్లంతోనే ఇస్తున్నా. చలవ కూడానూ."

నాకు ఒళ్లు మండిపోయింది. "ఎన్నాళ్లనుంచి?" అన్నాను.

"డాక్టరు చెప్పిన కాణ్ణుంచే. రోజుకి మూడుసార్లు."

బెల్లమైనా పంచదారైనా ఆ జబ్బుకు ఒకటేనని, ఆ పుండు మానకపోవడానికి కారణం అదేనని కోపంతోనే చెప్పాను. పెద్దమ్మ చేతిలో గరిటె ఆగిపోయింది. "నా చేత్తోనే పోశానా?" అంది. అప్పుడు నా కోపం ఎటుపోయిందో తెలియదు. ఆవిడ చేయి పట్టుకుని పక్కన కూలబడ్డాను.

తర్వాత లేచి, అటక మీది బెల్లం కుండ ఆవిడే దింపింది. "తీసుకుపో. ఇంట్లో ఉంటే ఈయన అడుగుతాడు, నేను కాదన్లేను," అంది. వెన్నపండ్ల బుట్టలోనే బెల్లం ముద్దలు సర్దింది. పెదనాన్న తన ప్రాణాన్ని ఎవరో మోసుకుపోతున్నట్టు చూశాడు.

ఆరింటి బస్సు ఎక్కాను. వెన్నపండు బలవర్ధకమో కాదో మా పెదనాన్న విషయంలో తేలలేదు, ఆయన బెల్లం లేకుండా తిన్నది అరచెక్కే. ఆ ఇంట్లో బెల్లాన్ని మాత్రం బయటపెట్టింది. నందిగామలో ఎక్కినాయన బుట్టలోకి తొంగిచూసి, ఒక ముద్ద తీసి బొటనవేలితో నొక్కాడు.

"నొక్కండి బాబాయ్, కావలసినంత నొక్కండి," అన్నాను. "ఒక మనిషి కాలివేలిని తినబోయింది ఇది."