ఫ్రెంచ్ ఇంటికి ర్యాంపు

విశ్వనాథం గారు ఫ్రెంచ్ ఇంటిని బ్యాచిలర్ల హాస్టల్ చేస్తున్నారన్న మాట మొదట రష్మి ఆంటీ నోట విన్నాను. ప్లెయిన్స్‌బరోలో మా కింది అపార్ట్‌మెంట్ ఆవిడది.

"పక్క తలుపు వెడల్పు చేస్తాట్ట. ర్యాంపట, కింద పెద్ద బాత్‌రూమట. పెళ్ళాం పిల్లలు లేని మనిషికి ఇవన్నీ ఎందుకే? మంచాలు దింపడానికి. రాసిపెట్టుకో."

ఆ ఇల్లు మాకు పదిహేను నిమిషాల దూరంలో ఒక చిన్న ఊళ్ళో ఉంది. ఎప్పుడో ఒక ఫ్రెంచ్ కుటుంబం కట్టుకున్న రాతి ఇల్లు, నీలం రంగు కిటికీ రెక్కలు. ఎదురుగా పాత యుద్ధంలో పోయిన సైనికుల స్తూపం. ఆ స్తూపం ఉన్నందుకు, చుట్టుపక్కల ఇళ్ళకు బయట ఏ మార్పు చేయాలన్నా ఊరి కమిషన్ ఒప్పుకోవాలి.

అమ్మ ఆర్డర్ల మీద స్వీట్లు చేస్తుంది. నేను కాలేజీ మొదటి ఏడాదితోనే ఆపేశాక ప్యాకింగ్ పని నా మీద పడింది. సెప్టెంబర్ చివర్లో విశ్వనాథం గారు పన్నెండు బాక్సుల సున్నుండలు అడిగారు. వాటి మీద అతికించమని ఇచ్చిన పేర్లన్నీ తెల్లవాళ్ళవి. ఒక్కో బాక్సుతో ఒక్కో అంటించిన కవరు. నాకెందుకో నచ్చలేదు. ఆ పేర్లను ఊరి వెబ్‌సైట్‌లో వెతికితే ఒకాయన కమిషన్ సభ్యుడని తేలింది.

అమ్మకు చెప్తే, అమ్మ దాచుకోకుండా విశ్వనాథం గారినే అడిగింది.

"ర్యాంపు ఎవరికండీ?"

"మా ఫ్రెండ్ సత్యానికమ్మా. జూన్‌లో స్ట్రోక్ వచ్చింది. ముప్పై ఏళ్ళు ఇక్కడే పనిచేశాడా, ఇంగ్లీష్ మొత్తం పోయింది. తెలుగొక్కటే మిగిలింది. నర్సింగ్ సెంటర్‌లో వచ్చే నెలాఖరు దాకా ఉంచుతారు. ఆలోపు ఇల్లు రెడీ కాకపోతే మూడు గంటల దూరంలో ఇంకోచోటికి మార్చేస్తారు. అక్కడ వాడు మంచినీళ్ళడిగితే ఎవడికి తెలుస్తుంది?"

రష్మి ఆంటీ నమ్మలేదు. "ఆ సత్యం గారిని మనం ఏ ఫంక్షన్‌లో చూశాం? పేషెంట్‌ని చూపించి పర్మిషన్ కొట్టేస్తాడు, ఆనక మంచాలేస్తాడు. లడ్డూలతో లంచమా, బాగుంది!"

"సున్నుండలు ఆంటీ."

"ఏదైతేనేం. విశ్వనాథానికి చీకట్లో డ్రైవింగ్ కష్టమట, కమిషన్ మీటింగ్‌కి నువ్వు తీసుకెళ్ళు. ఎలాగూ నోరు విప్పవు, చూసిరా."

మీటింగ్ అక్టోబర్ రెండో మంగళవారం, సాయంత్రం ఏడింటికి. కారులో ఆయన ఒళ్ళో నీలం ఫైలు. దారంతా "మా ఇంటికి", "మా వంటింట్లో" అంటూనే ఉన్నారు. మీ ఇంట్లోనే ఎందుకు పెట్టుకుంటున్నారు, ఆయనకు ఎవరూ లేరా అని అడగాలనిపించింది. అడగలేదు.

టౌన్ హాల్‌లో అయిదుగురు సభ్యులు ఒక వరసలో కూర్చున్నారు. వాళ్ళలో ఒకాయన ముందు మా సున్నుండల బాక్సు, నేను కట్టిన రిబ్బన్ విప్పకుండా అలాగే ఉంది.

"నేనూ పొరుగువాణ్ణే. ఇది నా ఇంటికి వచ్చింది. అందుకే ఈ అర్జీ మీద ఓటు వెయ్యను," అని ఆయన బాక్సు ముందుకు తోశారు.

గుమాస్తా ఫైలు తిరగేసింది. "రెండు వందల అడుగుల లోపలి ఇళ్ళకు నోటీసు రిజిస్టర్డ్ పోస్టులో పంపాలి. రసీదులేవి?"

విశ్వనాథం గారు లేచి నిలబడ్డారు. "పోస్టులో పంపలేదమ్మా. పన్నెండు ఇళ్ళకూ నేనే వెళ్ళి, స్వీటుతో పాటు నోటీసు కవరు చేతికిచ్చాను. మా వైపు పెద్ద పనికి పిలిచేటప్పుడు గడప తొక్కి పిలుస్తాం. పోస్టులో పంపితే మర్యాదగా ఉండదు."

"రసీదులు లేకపోతే వచ్చే నెలకు వాయిదా," అంది గుమాస్తా.

ఆయన కూర్చోలేదు. ఫైలు మూసి, మళ్ళీ తెరిచి, మళ్ళీ మూశారు. వచ్చే నెలంటే అప్పటికి సత్యం గారు మూడు గంటల దూరంలో ఉంటారు.

వెనక వరసలో తెల్లజుట్టు ముసలావిడ చెయ్యెత్తింది. "రిజిస్టర్డ్ పోస్టులో వచ్చిన కాగితం కోసం నేనింతవరకు ఇల్లు కదల్లేదు. ఇతను కాఫీ తాగి, నా కీళ్ళనొప్పులన్నీ విని మరీ పిలిచాడు. అందుకే వచ్చాను."

చైర్మన్ గుమాస్తాను లెక్కపెట్టమన్నారు. ఆ ముసలావిడ, ఆమె పక్కన ఒక జంట, తలుపు దగ్గర కుక్కతో నిలబడ్డ మనిషి, ఇంకా మిగతావాళ్ళు. ఓటు వెయ్యనన్న సభ్యుడితో కలిపి పన్నెండు ఇళ్ళవాళ్ళూ ఉన్నారు. పిలిస్తే పెళ్ళికి వచ్చినట్టు వచ్చారు. మనుషులే ఎదురుగా ఉంటే రసీదుతో పనిలేదని ఊరి లాయరు చెప్పాడు.

"ఎన్ని గదులు అద్దెకిస్తారు?" అని చైర్మన్ అడిగారు. రష్మి ఆంటీ మాట ఇంత దూరం వచ్చిందా అనుకున్నాను.

"అద్దెకు ఒక్కటేనండీ, పైన. అది ఎప్పటినుంచో ఉన్నదే."

నేను సీట్లో ముందుకు జరిగాను. అయితే ఆంటీ చెప్పినదాంట్లో కొంత నిజమే.

పక్క తలుపుకీ వెనక ర్యాంపుకీ నలుగురూ ఒప్పుకున్నారు. స్తూపం వైపు రాతిగోడ మాత్రం ముట్టుకోవద్దన్నారు. సోమవారం నుంచి పని మొదలుపెట్టొచ్చని చెప్పి, రికార్డు కోసం చైర్మన్ అర్జీ మొదటి పేజీ పైకి చదివారు. కింద సంతకం ఎడమచేత్తో పెట్టింది, వంకరగా ఉందని కూడా చెప్పారు.

ఇంటి యజమాని సత్యం. పై గదిలో పదకొండేళ్ళుగా అద్దెకుంటున్నది విశ్వనాథం.