చెమట లేని చొక్కా

నా చిన్నప్పుడు స్టీలు ప్లాంటు వాళ్ళ రుఆబాంధా క్వార్టర్లలో మా నాన్నను చూసి కుళ్ళుకోనివాళ్ళు లేరు. ఫర్నేస్ దగ్గర నడుం దెబ్బతిన్నాక డాక్టర్లు ఆయనకు లైట్ డ్యూటీ రాశారు. అంటే స్టోరు గుమ్మం దగ్గర స్టూలు మీద కూర్చోవడం. జీతం అదే, పని మాత్రం లేదు. రాజయోగం అన్నారందరూ. వాళ్ళదేం పోయింది, స్టూలు మీద కూర్చున్నది వాళ్ళు కాదుగా.

ఆ రోజుల్లో పక్కింటి అక్క నాకు ఇంగ్లీషు చెప్పేది. ఓ మధ్యాహ్నం 'లైట్' అనే మాట పట్టుకుంది. ఖాళీ బకెట్టు ఎత్తించి ఇది లైట్ అంది. వాళ్ళమ్మ లేతనీలం చీర చూపించి ఇదీ లైటే అంది. పొడి తక్కువేసిన టీ, చిన్న చప్పుడుకే చెదిరే నిద్ర, అన్నీ లైటేనట. మా నాన్న డ్యూటీ కూడా అన్నాను హుషారుగా. అక్క నవ్వలేదు.

"ఆ మాట మీ నాన్నగారి ముందు అనకమ్మా," అంది.

ఎందుకనకూడదో ఇంటికెళ్ళాక తెలిసింది. అమ్మ పెరట్లో నాన్న చొక్కా ఉతుకుతోంది. దాని నిండా ఎర్రటి ధూళి, గ్రీజు మరకలు. కూర్చునే పనికి ఇంత మురికేమిటని అడిగాను. అమ్మ చొక్కా వీపు తిప్పి చూపించింది. ఫర్నేస్ రోజుల్లో అక్కడ చెమట ఎండి తెల్లగా ఉప్పు చారలు కట్టేవి. ఇప్పుడు ఒక్క చారా లేదు.

"సెమట నేదు సూడు. ఇంటికొచ్చీముందు మీ నాన్నే పులుముకుంతన్నాడు. నాకు తెలిసినట్టు ఆయనకి తెలీకూడదు," అంది.

సాయంత్రం నాన్న వచ్చి చొక్కా విప్పగానే అమ్మ విసుక్కుంది.

"ఏటీ మురికి, ఉతకలేక నా సేతులు పడిపోతన్నాయి."

నాన్న మొహం విప్పారింది. ఎన్నాళ్ళకో పాత నాన్న కనిపించాడు. నాకు మాత్రం ఏడుపొచ్చింది. రిటైరయ్యేదాకా ఆయన మురికి పులుముకుంటూనే ఉన్నాడు, ఆమె తిడుతూనే ఉంది. మనిషి చేతిలో పని లాగేసుకుని దానికి దయ అని పేరు పెట్టినవాళ్ళను నేనింకా క్షమించలేదు.

ఇప్పుడు మా ఆయనా రిటైరయ్యాడు. నాలుగు మొక్కలకు నీళ్ళు పోసొచ్చి నడుం పట్టేసిందంటాడు. పట్టలేదని నాకు తెలుసు. అయినా నూనె వేడి చేసి రాస్తాను, ఇంత పని ఎవరు చేయమన్నారని తిడుతూ. మా అబ్బాయి అది చూసి, "లైట్ తీస్కో అమ్మా," అని నవ్వుతాడు. వాడికింకా ఎవరూ స్టూలు వేయలేదు.