సర్వరు ఆపినా పచ్చగానే

"నీకు పిల్లల్లేరా అమ్మా?" అని బసవపున్నయ్య గారు పదిమంది ముందు అడిగిన మాటను నాగలత మరిచిపోలేదు. మరిచిపోవాలని ప్రయత్నించనూ లేదు. ఆ పెద్దాయన మీద ఆమెకు కోపం లేదు. నాలుగేళ్ళ మనవడు జూన్ ఎండలో, తలుపులు మూసిన స్కూలు వ్యానులో నలభై నిమిషాలు ఉండిపోతే ఏ తాతైనా అంతే అంటాడు. ఆ మాట తన మీదికి వచ్చేలా వేలు చూపించినవాడు వేరే ఉన్నాడు. దాచిపెట్టుకున్న కోపమంతా అతని కోసమే.

నాగలతది రెడ్డిగూడెం. తండ్రికి నాలుగెకరాల మామిడితోట. తిరువూరులో బీఎస్సీ ఫిజిక్స్ చదివి, బస్టాండు దగ్గర నీటి మోటార్లు బాగుచేసే కిరీటిని పెళ్ళి చేసుకుని ఆ ఊళ్ళోనే ఉండిపోయింది. కూతురు కీర్తన బడికి వెళ్ళే వయసు వచ్చేదాకా ఇల్లు కదల్లేదు. మెయిన్ రోడ్డులో ఎరువుల కొట్టు పైన భాస్కరరావు గారు సాఫ్ట్‌వేరు ఆఫీసు తెరిచి డిగ్రీ చదివినవాళ్ళు కావాలని బోర్డు పెట్టినప్పుడు వెళ్ళి అడిగింది. టెస్టరు ఉద్యోగం ఇచ్చారు.

ఆ ఆఫీసు చేసేది ఒకటే యాప్. పేరు 'గూటికి'. స్కూలు వ్యాను ఎక్కేటప్పుడూ దిగేటప్పుడూ పిల్లల మెడలోని కార్డును వ్యాను ఆయా తన ఫోనుకు తాకిస్తుంది. వెంటనే ఇంట్లోవాళ్ళకు మెసేజ్ వెళ్తుంది. రెండు వారాలకొకసారి కొత్త వెర్షన్ బయటికి పంపాలి. ఆ రెండు వారాలను స్ప్రింట్ అంటారు. కోడు రాసేవాళ్ళు చివరి దాకా రాస్తూ కూర్చుని, ఆఖరి రెండు రోజుల్లో అంతా తెచ్చి నాగలత ముందు పడేసేవాళ్ళు. ఆమె చేతిలో రెండు ఫోన్లు పట్టుకుని మూడు వందల పైచిలుకు పనులు ఒక్కొక్కటే చేసి చూడాలి. సగం కూడా అయ్యేవి కావు. మిగతా సగం దేవుడి మీద భారం వేసి పంపించేవాళ్ళు.

అయినా కిందటేడు ఆమె ఒక తప్పు పట్టుకుంది. గంపలగూడెం రోడ్డులో వాగు దగ్గర సిగ్నల్ పోతుంది. కిరీటి బండి వెనక కూర్చుని, రెండు ఫోన్లతో ఆ దారిలో మూడుసార్లు తిరిగి చూసింది. సిగ్నల్ పోయి మళ్ళీ రాగానే, మధ్యలో దాటిన స్టాపుల్లో దిగాల్సిన పిల్లలందరూ దిగిపోయినట్టే యాప్ రాసేసుకుంటోంది. కార్డు తాకించినా, తాకించకపోయినా. ఈ సంగతంతా రిపోర్టు రాసి టీమ్ లీడ్ సతీష్‌కుమార్‌కు పంపింది. అతను ఆఫీసులో, నిండు సిగ్నల్లో కూర్చుని ఒకసారి నొక్కి చూశాడు. తప్పు కనబడలేదు. రిపోర్టును అక్కడితో ముగించి కింద ఒక్క వాక్యం రాశాడు. 'మళ్ళీ చేస్తే రాలేదు, మూసేస్తున్నాను.'

వారం తిరక్కుండా అదే జరిగింది. బసవపున్నయ్య గారి మనవడు వెనక సీట్లో నిద్రపోయాడు. 'మీ బాబు క్షేమంగా దిగాడు' అని మెసేజ్ వచ్చింది. తాత తీసుకొచ్చుంటాడని తల్లి అనుకుంది, తల్లి తీసుకొచ్చుంటుందని తాత అనుకున్నాడు. వ్యాను ఆయా మేరమ్మ ఫోనులో కూడా 'మిగిలినవారు: సున్నా' అనే ఉంది. ఆమె తన ఇంటి దగ్గర దిగిపోయింది. డ్రైవరు వ్యానును షెడ్డులో పెట్టి తాళం వేశాడు. మేరమ్మ మరిచిపోయిన టిఫిన్ క్యారియర్ కోసం వెనక్కి వెళ్ళబట్టి బాబు దొరికాడు. ఒకరోజు సెలైన్ పెట్టారు, బతికి బయటపడ్డాడు. మూసిన వ్యానులో నిమిషానికి ఎంత వేడి పెరుగుతుందో నాగలతకు తెలుసు. లెక్క వెయ్యకూడదనుకుంటూనే వేసేది. యాభై డిగ్రీల దగ్గర ఆపేసేది.

మర్నాడు బసవపున్నయ్య గారు ఆఫీసు మెట్లెక్కి వచ్చారు. భాస్కరరావు గారు అందరినీ నిలబెట్టి ఎవరి తప్పని అడిగారు. సతీష్‌కుమార్ తడుముకోలేదు.

"టెస్టింగ్ నాగలత గారిదండి. ఆవిడ చూసి ఓకే అన్నాకే బయటికి పంపించాం."

"నేను రిపోర్టు రాశానండి," అంది నాగలత. చూపిద్దామని కంప్యూటరు ముందు కూర్చుంటే లాగిన్ తెరుచుకోలేదు. విచారణ అయ్యేదాకా ఆపామన్నాడు సతీష్. ఆ రిపోర్టును కళ్ళారా చూసిన మణికంఠ కొత్తగా చేరిన కుర్రాడు, ఉద్యోగం ఇంకా ఖాయం కాలేదు. తల దించుకుని నేల చూశాడు. అప్పుడే బసవపున్నయ్య గారు ఆ మాట అడిగారు.

ఆమెను టెస్టింగ్ నుంచి తీసేసి, తల్లిదండ్రుల ఫిర్యాదులు వినే ఫోను దగ్గర కూర్చోబెట్టారు. ఊరు చిన్నది, కబురు ఎంతసేపు? మూడో రోజు బడి నుంచి వచ్చిన కీర్తన షూ విప్పుకుంటూ, "అమ్మా, ఆ చిన్నబాబుని వ్యాన్లో మర్చిపోయింది నువ్వేనంట కదా?" అని అడిగింది.

నాగలత ఏడవలేదు. "కాదు. ఎవరో చెప్తాను, కొన్నాళ్ళు ఆగు," అంది.

సతీష్‌కుమార్ ఆగలేదు. ఇకమీదట మనుషులు చూడటం ఉండదు, అంతా ఆటోమేషనే అని ప్రకటించాడు. ఒక టూలు తెచ్చి మూడు వారాల్లో ఆరువందల నలభై టెస్టులు తయారుచేశాడు. గోడకు పెద్ద టీవీ పెట్టించాడు. గంటకొకసారి టెస్టులన్నీ వాటంతటవే నడిచేవి. తప్పు దొరికితే ఎర్ర గడి, లేకపోతే పచ్చ గడి. ఆరువందల నలభై పచ్చ గళ్ళు మెరిసేవి. భాస్కరరావు గారు వచ్చినప్పుడల్లా దాని ముందు నిలబడి మురిసిపోయేవారు.

"చూశారా నాగలత గారూ, ఇదివరకు మీకు రెండు రోజులు పట్టేది," అనేవాడు సతీష్ టీ కప్పుతో ఆమె పక్క నుంచి వెళ్తూ. "ఇప్పుడు తొమ్మిది నిమిషాలు. తప్పన్నదే లేదు."

"అదృష్టవంతులండి," అనేది నాగలత.

ఫోను మోగుతూనే ఉండేది. అమ్మాయి దిగకముందే మెసేజ్ వచ్చిందనో, దిగి అరగంటైనా రాలేదనో, పక్కింటి బాబు పేరుతో వచ్చిందనో. ఆమె ప్రతి ఫిర్యాదునూ తేదీతో, చోటుతో నోటుబుక్కులో రాసుకుంది. రాసిన ప్రతిసారీ తలెత్తి టీవీ చూసేది. అంతా పచ్చ.

నవంబరులో ఒక మధ్యాహ్నం సర్వరు పడిపోయింది. గంటన్నర యాప్ మొత్తం చచ్చిపోయింది. ఒకరి తర్వాత ఒకరు తల్లులు ఫోన్లో అరుస్తున్నారు. సరిగ్గా నాలుగింటికి టెస్టులు నడిచే వేళయింది. టీవీ ఒక్కసారి నల్లబడి మళ్ళీ వెలిగింది. ఆరువందల నలభై. అన్నీ పచ్చే.

నాగలత చేతిలో రిసీవరు అలాగే ఉండిపోయింది. ఆమెకు కాలేజీ ల్యాబ్ గుర్తొచ్చింది. యేసురాజు మాస్టారు వెంటనే మీటరు రీడింగు తియ్యనిచ్చేవారు కాదు. "ముందు బ్యాటరీ పీకెయ్యమ్మా. ముల్లు సున్నాకి రాకపోతే ఆ మీటరు ఇక ఏం చెప్పినా వినొద్దు" అనేవారు.

ఆమె ఎవరికీ చెప్పలేదు. అప్పుడే చెబితే సతీష్ సాయంత్రానికి సర్దేస్తాడు. మర్నాడు భోజనాల వేళ మణికంఠ పక్కన టిఫిన్ బాక్సు తెరిచింది.

"మణీ, జూన్‌లో తల దించావు. ఇప్పుడు ఎత్తే అవకాశం వచ్చింది."

అతను కలుపుతున్న అన్నం వదిలేశాడు. "అక్కా, అప్పుడు నేను..."

"తెలుసులే. ఉద్యోగం. ఇప్పుడు ఖాయమైంది కదా. ఆ టెస్టుల లోపల ఏముందో చూసి చెప్పు. అట్లాగే నా రిపోర్టు ఒక ప్రింటు కావాలి."

రెండు రోజుల్లో తెచ్చాడు. ప్రతి టెస్టు చివరా అవే నాలుగు వరుసలు ఉన్నాయి. ఏ తప్పు ఎదురైనా దాన్ని మింగేసి 'పాస్' అని రాసుకోమని. మొదట్లో సగం ఎర్రగా వచ్చేవట. ఓనరు ముందు ఎర్రగా ఉంటే బాగోదని సతీష్ ఆ నాలుగు వరుసలు అతికించాడు.

"ఇప్పుడే సార్‌కి చూపిద్దామా అక్కా?"

"వద్దు. నన్ను పదిమందిలో నిలబెట్టారు. పదిమంది రానీ."

రెండు నెలలు ఎదురుచూసింది. ఆ రెండు నెలలూ భోజనాల వేళ మణికంఠ దగ్గర కోడు నేర్చుకుంది. సతీష్ వెటకారాలకు నవ్వుతూనే ఉంది. జనవరి చివర్లో భాస్కరరావు గారు విస్సన్నపేట నుంచి ఇందిరాదేవి గారిని తీసుకొచ్చారు. ఆవిడకు ఆరు స్కూళ్ళు, ముప్ఫై వ్యాన్లు. సతీష్‌కుమార్ ఇస్త్రీ చొక్కాలో టీవీ ముందు నిలబడి అరగంట ఊదరగొట్టాడు. ఏవైనా ప్రశ్నలున్నాయా అని చివర్లో అతనే అడిగాడు.

నాగలత లేచింది. జూన్‌లో తనను నిలబెట్టిన చోటికే నడిచి వచ్చింది.

"ఒక్క చిన్న సందేహం సార్. ఇప్పుడు పదకొండైంది, పిల్లలు బడిలో ఉన్నారు, వ్యాన్లు షెడ్డులో ఉన్నాయి. సర్వరు పది నిమిషాలు ఆపేసి మీ టెస్టులు నడిపితే ఏం వస్తుందండి?"

"సర్వరు ఆపేస్తే టెస్టులేంటండి? పిచ్చి ప్రశ్న."

"అన్నీ ఎర్రగా రావాలి కదా?"

"వస్తాయి. అది అందరికీ తెలిసిందే. కూర్చోండి."

ఇందిరాదేవి గారు కళ్ళజోడు తీశారు. "అడిగింది బాగానే ఉందిగా భాస్కరరావు గారూ. చూద్దాం."

సతీష్ మెడ మీద చెమట పట్టడం నాగలత చూసింది. తనివితీరా చూసింది. మణికంఠ సర్వరు ఆపేశాడు. యాప్ తెరిస్తే ఖాళీ తెర. టెస్టులు మొదలెట్టారు. తొమ్మిది నిమిషాలు ఆగాలి. కింద ఎరువుల బస్తాలు దించుతున్న చప్పుడు వినిపిస్తోంది. టీవీ నల్లబడి వెలిగింది.

ఆరువందల నలభై పచ్చ గళ్ళు.

"చచ్చిన సర్వరు కూడా పాసేనా?" అన్నారు ఇందిరాదేవి గారు.

నాగలత ప్రింటు తీసి సతీష్‌కుమార్ చేతిలో పెట్టింది. "ఇది జూన్‌ది సార్. ఆ బాబు సంగతికి వారం ముందుది. పైన నేను రాసింది, కింద మీరు రాసింది. కొంచెం గట్టిగా చదవండి."

"ఇది ఇప్పుడెందుకు..."

"చదవవయ్యా," అన్నారు భాస్కరరావు గారు.

అతను చదివాడు. ఆఖరి వాక్యం దగ్గర గొంతు జారిపోయింది.

"వినపళ్ళేదండి," అంది నాగలత. "మళ్ళీ."

"మళ్ళీ చేస్తే రాలేదు. మూసేస్తున్నాను."

ఆ సాయంత్రం భాస్కరరావు గారు ఆమెను లోపలికి పిలిచారు. "తప్పైపోయిందమ్మా. వాణ్ణి ఇవాళే పంపించేస్తాను."

"వద్దండి. పంపిస్తే ఇంకో కంపెనీలో ఇదే టీవీ పెడతాడు. ఇక్కడే ఉంచండి, నా కుర్చీలో. మూడు నెలలు ఆ ఫోను ఎత్తనివ్వండి. ఆ తర్వాత కోడు రాయనివ్వండి. మొదటి ఫోను మాత్రం ఆయనే చెయ్యాలి. బసవపున్నయ్య గారికి."

సతీష్ ఫోను చేసినప్పుడు నాగలత పక్కనే నిలబడింది. అవతల పెద్దాయన ఏమన్నారో ఆమెకు వినిపించలేదు. అతను పదకొండుసార్లు "అవునండి" అన్నాడు. ఆమె లెక్కపెట్టింది. ఇంటికెళ్ళి కీర్తనను ఒళ్ళో కూర్చోబెట్టుకుని, ఆ తప్పు ఎవరిదో చెప్పింది.

టెస్టింగ్ మళ్ళీ నాగలత చేతికి వచ్చింది. ఆరువందల నలభై టెస్టులనూ తుడిచేసి ఒక్కదానితో మొదలుపెట్టింది. నోటుబుక్కులో ఎక్కువసార్లు వచ్చిన ఫిర్యాదు ఏదో, పిల్లలకు ఎక్కువ ప్రమాదం దేనిలో ఉందో, అదే మొదటిది. సిగ్నల్ పోయి వచ్చాక కార్డు తాకించని బిడ్డ వ్యానులోనే ఉన్నట్టు చూపించాలి. ఆ టెస్టు రెండు రోజులు ఎర్రగానే ఉంది. మూడో రోజు మణికంఠ అసలు తప్పు సరిచేశాక పచ్చబడింది. ఒక టెస్టును కనీసం ఒకసారి ఎర్రగా చూస్తే తప్ప నమ్మకూడదని గోడ మీద రాసింది. ఎర్రగా ఉండగా ఏదీ బయటికి పోకూడదు. కోడు రాసినవాళ్ళే దాని టెస్టూ రాయాలి, అదే రోజు.

"అది మా పనా అక్కా?" అని గునిశారు కుర్రాళ్ళు.

"మీ పనే. నా మీదికి తొయ్యడానికి నేను అక్కడ లేను."

ఎర్ర గడి పక్కన ఆ కోడు, టెస్టు రాసినవాళ్ళ పేరు పడేలా చేసింది. అది ఎవరి కోసం పెట్టిందో అందరికీ తెలుసు. అయితే మార్చిలో ఒకరోజు పడింది ఆమె పేరే. కోడులో మార్పేమీ లేకపోయినా, తాను రాసిన టెస్టే ఒక గంట పచ్చ, ఒక గంట ఎర్ర. ఫోను కుర్చీలోంచి సతీష్ లేచి నిలబడి, "నాగలత గారు!" అని వీధికి వినిపించేలా చదివాడు. ఆమె మొహం మండిపోయింది. "నాదే తప్పు," అని కూర్చుని సరిచేసింది. గునిసిన కుర్రాళ్ళు ఆ రోజు నుంచే అడగకుండా టెస్టులు రాశారు. ఏప్రిల్‌కి తొంభై అయ్యాయి. ఆఖరి రెండు రోజుల హడావుడి పోయింది. ఇందిరాదేవి గారు ముప్ఫై వ్యాన్లకూ సంతకం పెట్టారు.

ఒక్క విషయంలో నాగలత మెత్తబడలేదు. ప్రతి టెస్టుకూ ఒక పేరు ఉంటుంది. మొదటిదానికి ఆమె పెట్టిన పేరు 'మళ్ళీ చేస్తే రాలేదు, మూసేస్తున్నాను'. రోజూ టీవీలో అన్నిటికన్నా పైన అదే వస్తుంది.

"ఆ పేరు మార్చండి," అని మేలో కోడుకు తిరిగొచ్చిన సతీష్ అడిగాడు. "కొత్తవాళ్ళు ఏంటని అడుగుతున్నారు."

"చెప్పండి మరి."

జూన్‌లో బడులు తెరిచారు. సతీష్‌కుమార్ కూతురు రుచితను ఎల్‌కేజీలో వేశారు. వాళ్ళ ఇల్లు గంపలగూడెం రోడ్డులో, వాగుకు అవతల. రుచిత ఎక్కే వ్యాను రోజూ ఆ వాగు దాటాలి. ఆ ఉదయం అతను ఆఫీసుకు రాగానే బ్యాగు కూడా దించకుండా టీవీ దగ్గరికి వెళ్ళాడు. తెర ఇంకా వెలగలేదు. కాసేపు తచ్చాడి నాగలత టేబుల్ దగ్గరికి వచ్చాడు. చేతిలో ఫోను బిగించి పట్టుకున్నాడు.

"ఇవాళ పొద్దున అది నడిచిందా అండీ?"

"ఏది సార్?"

"అదే... మొదటిది."

"పేరు చెప్పండి. తొంభై ఉన్నాయి."

అతను చుట్టూ చూశాడు. ఎవరూ తల ఎత్తలేదు, అందరూ వింటున్నారు. మెల్లగా ఆ పేరంతా చెప్పాడు.

జవాబు నాగలత దగ్గర సిద్ధంగానే ఉంది. ఏడున్నరకే చూసుకుంది, రోజూ చూసుకున్నట్టే. కీర్తన కూడా రుచిత ఎక్కే వ్యానులోనే వెళ్తుంది. కప్పులో సగం టీ మిగిలి ఉంది. అడుగు దాకా తాగి, కప్పు పక్కన పెట్టి, అప్పుడు చెప్పింది.

"నడిచింది. పచ్చే. వెళ్ళి కూర్చోండి."