అమెరికా కారు ఎడమ తలుపు

నా చిన్నప్పుడు పాకాలలో మా పెరట్లో ఒక అమెరికా కారు ఉండేది. ఉండేదంటే ఉండేదే, నడిచేది కాదు. ఆ జాగాలో గది కట్టాలి, దీన్ని పాత ఇనుముకు వేసేస్తానని మా చిన్నాయన పట్టుబట్టాడు. అంతలో పాతకార్లను బాగుచేసి నడిపే ఒకాయన చెన్నై నుంచి చూడడానికి వస్తానని కబురు పెట్టాడు. ఆయన తీసుకుంటే కారు బతుకుతుంది, లేకుంటే లేదు.

ఆయన రావడానికి ముందురోజు మా తాతయ్య, కారు బతకాలని మొక్కుకోవడానికి కొండకు వెళ్ళి, కోరిక తీరకముందే గుండు చేయించుకున్నాడు. అడ్వాన్సు అన్నమాట. ఆ లోపల పక్కింటి భాయ్ తాత, రేకుల పనిలో చేయి తిరిగినవాడు, ఇంకో మేలు తలపెట్టాడు. ఆ కారు ఎడమవైపు వెనక తలుపు ఎన్నడూ తెరుచుకోలేదు. తుప్పుకు బిగుసుకుందనుకునేవాళ్ళం. ఆయన పొద్దంతా కూర్చుని, లోపల అడ్డంగా ఉన్న స్టెప్నీ టైరు పీకేసి, ఎవరో మొరటుగా అతికించారనుకుని ఆ అతుకులు కోసి, కొత్త బందులు వేశాడు.

"సూడప్పా, పెండ్లికూతురు దిగినా సీర తగులుకోదు!" అన్నాడు, కొండ దిగొచ్చిన తాతయ్యతో.

చెన్నై ఆయన నేరుగా ఆ తలుపు దగ్గరికే వెళ్ళాడు. అది తెరుచుకోగానే ఆయన మొహం వాడిపోయింది. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత అమెరికాలో ఒక కంపెనీ, వెనకభాగం రెండు రెక్కలుగా తెరుచుకుని బస్తాలు పట్టేలా ఈ రకం చేసిందట. స్టెప్నీకి చోటు లేక ఆ తలుపును ఫ్యాక్టరీలోనే అతికేసిందట. తెరుచుకోని తలుపును ఎవరు కొంటారు? కొద్ది బండ్లకే పద్ధతి మార్చేశారు, కొన్నాళ్ళకు కంపెనీనే మూతపడింది. ఆ అతుకు చెదరని బండి కోసమే ఆయన ఇంత దూరం వచ్చాడు. అంత అరుదైన లోపాన్ని మేము ఒక్కరోజులో బాగుచేసేశాం.

"మళ్ళా అతికించేస్తా సార్," అన్నాడు భాయ్ తాత.

"అది మీ అతుకవుతుంది కదండీ."

"తప్పు ఆయనది కాదు సార్. ఆయన వద్దు వద్దన్నా నేనే చేపిచ్చినాను," అన్నాడు ఆ రోజంతా కొండమీద ఉండి ఏమీ ఎరగని మా తాతయ్య.

చెన్నై ఆయన నమస్కారం పెట్టి వెళ్ళిపోయాడు. వారం తిరక్కుండా ఇనుప కొట్టు లారీ వచ్చింది. ఎక్కించే ముందు తాతయ్య ఆ తలుపు తెరిచి వెనకసీట్లో కాసేపు కూర్చుని, మళ్ళీ అటునుంచే దిగాడు. "బలే కుదిరిండాది భాయ్," అన్నాడు.

నేను ఎవరినీ వదలకుండా ఎగతాళి చేసే రకం. కానీ ఎవరైనా ప్రేమతో పాడుచేసిన పనిని ముచ్చటగా చూపిస్తే ఇప్పటికీ నాకు జోకు రాదు. బాగుందంటాను. అని, పక్కకు తిరిగి కాసేపు నిలబడతాను. ఆ లారీ వెళ్ళాక తాతయ్య అలాగే నిలబడ్డాడు.